పచ్చ మరకలో మనుషులున్నారు



బడిలో అమెజాన్ పాఠం వచ్చినప్పుడు మ్యాపులో ఒక పచ్చ మరక చూపిస్తారు. అందులో మనుషులు కనపడరు.

బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రంలో సురుయి ఆదివాసులు ఆ మరకలో తమ పేర్లు తామే రాసుకున్నారు. 1969లో బయటివాళ్లు వచ్చాక, వాళ్లు తెచ్చిన రోగాలకు ఆ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పాత కథలు తెలిసిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. 2007లో వాళ్ల నాయకుడు అల్మీర్ సురుయి గూగుల్ వాళ్ల దగ్గరికెళ్లి సాయమడిగాడు. కుర్రాళ్లు పెద్దల పక్కన కూర్చుని కథలు రికార్డు చేశారు. 2012లో ఆ సాంస్కృతిక మ్యాపు గూగుల్ ఎర్త్‌లోకి వచ్చింది. చిలకలుండే చోటు, పూర్వం యుద్ధం జరిగిన చోటు నొక్కి చూసేలా పెట్టారు.

అడవి పాఠమంటే అదీ! మన బడుల్లోనూ పిల్లలు వాగు పేరు, గుట్ట పేరు, ఇప్పచెట్ల చోటు తాతలనీ అవ్వలనీ అడిగి, మన భాషలోనే మ్యాపులో పెట్టాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు అడగాలన్నా మన హద్దులు మనకి తెలిసుండాలి కదా!

ఒక్క జాగ్రత్త. దేవతల చోట్లు, మందు మొక్కల చోట్లు లోకానికి చూపించాలా వద్దా అన్నది కంపెనీ కాదు, సారు కాదు, గ్రామసభే తేల్చాలి.

ఆ పేర్లు తెలిసిన తాతలు ఉండగానే అడగండి.