కుందేలు సాక్ష్యం

పిల్లలూ, వేసవి సెలవుల్లో యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేసే అవకాశం మీకు వస్తే, అక్కడి ఫ్రిజ్‌లో వేలెడంత సీసాలు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిమీద "రాబిట్ పాలీక్లోనల్" అని రాసి ఉంటుంది. ఆ కుందేలు కథే ఈసారి మన శీర్షికలో.

మనిషి శరీరంలోని ఒక ప్రొటీన్‌ను, లేదా దానిలో చిన్న ముక్కను, కుందేలుకు ఇంజెక్షన్‌గా ఇస్తారు. కొన్ని వారాలపాటు మళ్ళీ మళ్ళీ ఇస్తారు. "ఇది నాది కాదు" అని కుందేలు శరీరం దానిమీద యాంటీబాడీలు తయారు చేస్తుంది. రక్తం తీసి వాటిని వేరుచేస్తారు. ఇవి ఒకే రకం కణాల నుంచి వచ్చినవి కావు, అనేక రకాల కణాల నుంచి వచ్చినవి. అందుకే పాలీక్లోనల్ అన్నారు.

కబడ్డీలో కూతకొచ్చినవాడిని ఒకరు మడమ, ఒకరు నడుము, ఒకరు చెయ్యి పట్టుకుంటారు కదా! ఈ యాంటీబాడీలూ అంతే. ఒక పట్టు జారినా మిగతావి వదలవు.

అయితే పట్టుకున్నట్టు మనకెలా తెలుస్తుంది? కుందేలు యాంటీబాడీని పట్టుకునే మేక యాంటీబాడీని పోస్తారు. దానికి హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరులోని ఎంజైమ్‌ను తగిలిస్తారు. తగిన రసాయనం కలిపితే ఆ చోట వెలుగు వస్తుంది. కుందేలు, మేక, వేరు కలిసి నడిపే పంచతంత్రం అన్నమాట! స్వీడన్‌లో 2003లో మథియాస్ ఊలెన్ నాయకత్వంలో మొదలైన హ్యూమన్ ప్రొటీన్ అట్లాస్, ఇలాంటి కుందేలు యాంటీబాడీలతోనే మన శరీరంలో ఏ ప్రొటీన్ ఎక్కడుందో బొమ్మలుగా చూపింది.

కానీ ఒక చిక్కు ఉంది. గుంపులో ఒకటి పోలికలున్న వేరే ప్రొటీన్‌ను పట్టుకోవచ్చు. పైగా ఆ కుందేలు పోయాక, మరో కుందేలు ఇచ్చే మిశ్రమం అచ్చం అలాగే ఉండదు. అందుకే 2015లో వందమందికి పైగా శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో, ఎప్పుడు చేసినా ఒకేలా ఉండే యాంటీబాడీలు కావాలని కోరారు. తప్పు సాక్ష్యాన్ని నమ్మితే, ఒక జబ్బు మీద ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన దారి తప్పుతుంది.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక అలవాటుంది. సరైన పాస్‌వర్డ్‌కు తాళం తెరుచుకుంటే చాలదు, తప్పు పాస్‌వర్డ్‌కు తెరుచుకోకూడదు. రెండూ పరీక్షిస్తాం. ల్యాబ్‌లోనూ అంతే. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును తీసేసిన కణాలమీద ఇదే యాంటీబాడీ పోస్తారు. అక్కడా వెలుగు వస్తే, అది పట్టుకున్నది వేరేదాన్ని!

అమ్మానాన్నలకు ఒక మాట. మీ పిల్లలు సైన్స్ ఫెయిర్ నుంచి వచ్చి "దొరికింది" అంటే సంతోషించండి. ఆ వెంటనే, "అది లేనిచోట కూడా చూశావా?" అని అడగండి.