అన్నపూర్ణ యింటి కంచము

ఆహార భద్రత యనగా గాదెలలో ధాన్యము నిండియుండుటయే యని సామాన్యముగా తలచుట కలదు. గాదె నిండియు కంచము వెలితిగా నుండవచ్చును. 1981లో వెలువడిన గ్రంథమున అమర్త్య సేన్ పండితుడు 1943 నాటి వంగదేశపు క్షామమును పరిశీలించి, కరువు పంట లేమి వలననే గాక, పండినదానిని కొనగల శక్తి, పొందగల హక్కు జనులకు లోపించుట వలనను వచ్చునని వివరించెను. ఈ కొలబద్దతో ఆంధ్రదేశపు వరిని, చేపను కొలిచి చూడవలసియున్నది.

1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను శ్మశానముగా మార్చినది. పొరుగున కృష్ణ, గోదావరులు సముద్రము పాలగుచుండగా జనులు దాహముతోను ఆకలితోను మడిసిరి. 1852లో ధవళేశ్వరమునొద్ద కాటన్ దొర ఆనకట్ట పూర్తియైనది. 1855 నాటికి బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట అమరినది. ఒక శతాబ్దము పిమ్మట, 1955 డిసెంబరు 10వ తేదీన, నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. కరువు సీమకు అన్నపూర్ణ యను పేరు ఇట్లు కూలీల చెమట వలనను ఇంజనీర్ల దూరదృష్టి వలనను వచ్చినది.

నీటికి తోడు విత్తనము వచ్చినది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐ.ఆర్.8 వరిని సాగుచేసి, పొట్టి వంగడముల సామర్థ్యమును కన్నులకు కట్టినట్లు చూపెను. మార్టేరు పరిశోధన కేంద్రమున రూపొందిన ‘స్వర్ణ’, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ‘సాంబ మసూరి’ తెలుగు పొలిమేరలను దాటి అనేక రాష్ట్రముల పొలములకెక్కినవి. 2025 మే నెలలో హైదరాబాదు వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి జన్యువును సవరించి ‘కమల’ యను వంగడమును ప్రకటించినది. విజ్ఞానము తన పని తాను చేయుచునే యున్నది.

అయినను 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిరి. కాలువలో నీరుండగా నాట్లు వేయబోమనుట దేశమును నివ్వెరపరచినది. ఇది సోమరితనము కాదు. కూలి, ఎరువు పెరిగినంతగా ధాన్యపు ధర పెరుగలేదు. మురుగు కాలువలు పూడిపోయి చేలు ముంపునకు లోనైనవి. పైగా డెల్టాలో నాగలి పట్టినవానిలో పెక్కుమంది కౌలుదారులు. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టము వారికి పత్రము నీయదలచినది గాని, దానికి భూస్వామి సంతకము కావలెను. సంతకము పెట్టినచో భూమి పోవునేమో యని యజమాని భయము. పత్రము లేనిచో బ్యాంకు అప్పు దొరకదని కౌలుదారు దిగులు. దేశమునకు అన్నము పెట్టువాని భద్రతయే సందిగ్ధములో పడినపుడు ఆహార భద్రత ఎట్లు నిలుచును?

ఇక చేపల మాట. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు ప్రకృతి యిచ్చిన పళ్ళెరము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను తన కడుపున దాచుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు మెల్లగా వదలుట దాని ధర్మము. ఆ నీటిలో కొర్రమీను, జెల్ల, చేదుపరిగె పట్టి వడ్డి కులస్థులు బ్రదికిరి. పిదప సరస్సు గర్భముననే గట్లు లేచి చేపల చెరువులు వెలసినవి. 1999లో అభయారణ్యముగా, 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా కొల్లేరు గుర్తింపబడినది. 2006లో ప్రభుత్వము అయిదవ కాంటూరు లోపలి గట్లను పేల్చివేయించెను. కష్టము మాత్రము అందరికి సమముగా పంచబడలేదు. పెట్టుబడిదారు వేరొక వ్యాపారము చూచుకొనగలడు. చెరువు కూలికి వేరొక చెరువు ఏది?

నేడు చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే దేశమున ప్రథమ స్థానము. శీలావతి, బొచ్చె చేపలు మంచు పెట్టెలలో లారీలకెక్కి వంగ, అస్సాము రాష్ట్రములకు తరలిపోవుచున్నవి. 2009 తరువాత వచ్చిన వన్నామీ రొయ్య విదేశములకు పోవుచున్నది. డాలరు తెచ్చు రొయ్య మంచిదే. కాని 2025 ఆగస్టులో అమెరికా భారతదేశపు సరకులపై 50 శాతము సుంకము విధించినపుడు భీమవరము చెరువు గట్టున ధర కుప్పకూలినది. దూరదేశపు ఒక్క సంతకముతో కదలిపోవునది వ్యాపారమే గాని ఆహార భద్రత కానేరదు.

మరి ఇంటి కంచములో నేమున్నది? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. తెలంగాణలోను నూటికి 58 మందికి సమీపముగా నున్నది. రెండు రాష్ట్రములలోను అయిదేండ్లలోపు బిడ్డలలో ఇంచుమించు ముగ్గురికొకరు వయసునకు తగిన ఎత్తు ఎదుగలేదు. 1983 నాటి రెండు రూపాయల బియ్యము, 2013 నాటి ఆహార భద్రతా చట్టము ఇచ్చిన నెలకు మనిషికి అయిదు కిలోల గింజలు కడుపు మంట చల్లార్చినవి. అది చిన్న మేలు కాదు. అయితే తెల్లని అన్నము కడుపు నింపునే గాని రక్తము నింపదు. దానికి పప్పు, ఆకుకూర, చిరుధాన్యము, గ్రుడ్డు, చేప కావలెను.

కావున పథకములకు కొలత మారవలసియున్నది. ఎన్ని టన్నులు ఎగుమతియైనవను ప్రశ్నతో పాటు ఎన్ని ఇండ్లలో కూర వండబడినదను ప్రశ్న కూడ వేయవలెను. తెలంగాణలో మిషన్ కాకతీయ క్రింద ఊరి చెరువుల పూడిక తీయబడినది; 2016 నుండి వానిలో చేపపిల్లలు వదలబడినవి. చేప పట్టిన ఊరిలోనే కొంత భాగము సరసమైన ధరకు అమ్ముడు పోవునట్లు మత్స్యకారుల సంఘములు పూనుకొన్నచో ఆ పని సంపూర్ణమగును. ముండ్లతో సహా తినదగిన చిన్న చేప సున్నపు ధాతువునకు నిధి. పెద్ద చేపకే ధర కట్టు సంతలో దాని విలువ తెలిసినవారు కొందరే. డెల్టాలో మురుగు కాలువల మరమ్మతు, కౌలుదారునకు పూచీ లేని అప్పు కొత్త ఆనకట్టలకన్న ముందు జరుగవలసిన పనులు.

గోదావరి లంకలలో బాటసారులకు వేళకాని వేళ అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు 2024 నుండి ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు పెట్టబడినది. ఆ కంచములో గ్రుడ్డు చేరినది. మత్స్యసంపదకు నెలవైన రాష్ట్రమున చేపకు ఇంకను చోటు దొరకలేదు. తినువారింటి బిడ్డలకైన దానిని అందించు ఆలోచన రావలెను. బడిలో వడ్డన వేళ నిలుచు ఉపాధ్యాయునకు ఏ బిడ్డ కంచములో నేమి మిగిలెనో, ఏ బిడ్డ రెండవసారి చేయి చాచెనో తెలియును. గణాంకములు అయిదేండ్లకొకసారి చెప్పు మాటను ఆ వరుస ప్రతిదినము చెప్పుచున్నది. ప్రణాళికలు వ్రాయువారు దానిని విన్ననాడు అన్నపూర్ణ యను బిరుదు సార్థకమగును.