అర్థమైతేనే తెరుచుకునే తలుపు: అడ్వెంచర్ గేములు చేసేవాళ్ళ ప్రణాళిక

ముందు హద్దురాళ్ళు పాతుకుంటాం. ఆడేవాళ్ళకు ఏదో ఒక సంగతి అర్థమైతేనే ముందుకు కదిలే ఆటను మేం అడ్వెంచర్ గేమ్ అంటాం. వేళ్ళ వేగం, పోగేసిన పాయింట్లు అక్కడ అక్కరకు రావు. కథ ఉంటే చాలదు, తుపాకీ ఆటల్లోనూ ఇప్పుడు కథలున్నాయి. బొమ్మలు కూడా తప్పనిసరి కాదు. విల్ క్రౌథర్ రాయగా 1977లో డాన్ ఉడ్స్ పెంచిన 'కలోసల్ కేవ్ అడ్వెంచర్' అంతా అక్షరాలే, ఈ కోవకు పేరొచ్చింది దాన్నుంచే.

ఈ లెక్కన లూకస్ పోప్ 2018లో తెచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' మాదే. ఓడలోని 60 మంది ఏమయ్యారో ఆరా తీయడమే అందులో ఆట. దుకాణాలు ఏ చీటీ అంటించినా 'టూంబ్ రైడర్' మాది కాదు. టెల్‌టేల్ వారి 'ది వాకింగ్ డెడ్' దగ్గర మాత్రం మాలో మాకే పడలేదు. అక్కడ అర్థం చేసుకోవడం కన్నా ఎంచుకోవడం ఎక్కువ. ఆ వాదన తెగలేదు, తెగాలని తొందరా లేదు.

ఈ ఆటలు చచ్చిపోయాయన్న మాట పాతికేళ్ళుగా వింటున్నాం. 'ది సిమ్స్' దాటేదాకా 1993 నాటి 'మిస్ట్' పీసీ అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది. 1998లో 'గ్రిమ్ ఫండాంగో'కు మెప్పు దక్కింది గానీ డబ్బు రాలేదు. జనం రుచి మారిందన్నారు. సగం నిజమే. మిగతా సగం ఆటలు చేసినవాళ్ళ నిర్వాకం. 1999 నాటి 'గేబ్రియల్ నైట్ 3'లో ఒకడిలా వేషం వేయాలంటే పిల్లి వెంట్రుకలతో దొంగ మీసం చేయాలి. ఆ మనిషికి అసలు మీసమే లేదు! ఇలాంటివి వద్దని ఆటల రూపకర్త రాన్ గిల్బర్ట్ 1989లోనే వ్యాసం రాశాడు. విడిపోయాక 'అవును కదా' అనిపించని పజిల్‌ను, ఎంత ముచ్చటపడి చేసినా, తీసేస్తాం. మొదట్లో ఓ తాళంచెవి మరిచిపోయారని చివర్లో దారి మూసేయం.

ఇక డబ్బు. 2012లో డబుల్ ఫైన్ సంస్థ ఓ అడ్వెంచర్ గేమ్ కోసం కిక్‌స్టార్టర్ అనే చందాల వేదికలో 4 లక్షల డాలర్లు అడిగితే 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షలు దాటించారు. అదీ చాలక, ఆ డబ్బుతో మొదలైన 'బ్రోకెన్ ఏజ్' 2014లో సగం, 2015లో సగం వచ్చింది. కొనేవాళ్ళున్నారు, కానీ లెక్కకు అందేంతమందే. అందుకే ముందు వాళ్ళను లెక్కించి, ఆ తర్వాతే ఖర్చు రాసుకుంటాం. చిన్న జట్టు, చిన్న ఆట, దానికి తగ్గ ధర, ఏళ్ళ తరబడి నిలకడగా అమ్మకం. గుట్టు తెలిసిపోయాక మళ్ళీ ఆడేవాళ్ళు తక్కువ, వీడియోలో చూసేసి కొనడం మానేవాళ్ళూ ఉంటారు. ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకుంటాం తప్ప, భయపడి ఆటను సాగదీయం.

సూచనలు మాత్రం అమ్మం. ఒకప్పుడు ఆటల సంస్థల్లో ఇన్ఫోకామ్ కనిపించని సిరాతో అచ్చేసిన సూచనల పుస్తకాలు అమ్మింది, సియెర్రా డబ్బులు పడే ఫోన్ లైను నడిపింది. ఇప్పుడు ఫోన్ ఆటలు నాణేలు అడుగుతున్నాయి. సూచన మీద రాబడి ఉన్నచోట పజిల్ చెడ్డదైనకొద్దీ లాభం. మా ఆటల్లో సూచనలు లోపలే, ఉచితంగా, అడిగినకొద్దీ కాస్త కాస్తగా విప్పుతూ ఉంటాయి. ఎక్కువమంది ఎక్కడ అడిగారో చూసి, ఆ పజిల్‌ను తిరగరాసి, పాత కొనుగోలుదార్లకు పైసా తీసుకోకుండా అప్‌డేట్‌గా పంపుతాం.