దానవిద్య: లెక్క యెవరి యెదుట?

దానధర్మములను, లాభాపేక్షలేని సంస్థల నిర్వహణమును బి. ఏ. పట్టమునకు ప్రత్యేక విషయముగా ఏర్పఱుపవలయునను తలంపు నేడు విద్యావేత్తలలో వ్యాపించుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము నాలుగేండ్ల పట్టమునకును, విద్యార్థుల సమాజసేవకు చదువులో స్థానమిచ్చుటకును దారి తీసినది. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ విభాగము, అందు నిర్ణయించిన పరిమాణమునకు మించిన కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు రూపాయలు ప్రజాహితమునకై వెచ్చింపవలెనని విధించినది. ధనమున్నచోట ఉద్యోగములును, ఉద్యోగములున్నచోట చదువులును పుట్టుట లోకసహజము. కావున ఈ చదువు రావలయునా వలదా యని తర్కించుట వృథా. అది యే రూపమున రావలయునో యిప్పుడే తేల్చుకొనవలయును. పాఠ్యక్రమము ఒకసారి అచ్చుపడెనా, దానిని కదలించుట కొండను కదలించుటయే.

మేము చూచుచున్న అపాయమిది. ఇట్టి పాఠ్యక్రమమును వ్రాయ గూర్చున్నవారికి మొదట తోచునవి విరాళముల సేకరణ, దాతల మన్నన, సంస్థకు పేరు గడించుట, పథకముల రచన, ఫలితముల కొలత. ఇది వాణిజ్యశాస్త్రపు పుస్తకములో ‘వ్యాపారము’ అను మాటను కొట్టివైచి ‘సేవ’ యని వ్రాసికొన్నట్లే గదా! అందు దాతను గూర్చి పది పాఠములుండును. పుచ్చుకొనువానిని గూర్చి ఒకటి యుండిన గొప్ప. మేము ఈ క్రమమును నిరసించుచున్నాము. ధర్మము పేర వచ్చిన ప్రతి రూపాయకును, ఆ రూపాయ యెవరికొఱకు వచ్చినదో వారి యెదుట లెక్కచెప్పుట యెట్లో నేర్పుటయే యీ విద్యకు నడిమిస్తంభము కావలయును. తక్కిన పాఠములన్నియు దానిపై నిలువవలసిన దూలములు.

‘దానము హృదయగుణము, దానిని తరగతిలో నేర్పుట యెట్లు?’ అని కొందఱు పెద్దలు పెదవి విఱచుచున్నారు. ఆకలిగొన్నవానికి పిడికెడన్న మిడుటకు పట్టములు అక్కఱలేదు, నిజమే. కాని దాత గతించిన పిమ్మట ఆతని ధనమును కాపాడునది హృదయమా? మద్రాసులో దుబాసిగా ధనము గడించిన పచ్చయప్ప మొదలియారు 1794లో మరణించుచు తన యాస్తిని ధర్మకార్యములకు వ్రాసిపోయెను. ఆ ధనము పరులపాలై, వ్యాజ్యములలో చిక్కి, అడ్వొకేటు జనరలు జార్జి నార్టను పూనికతో న్యాయస్థానము కల్పించుకొన్న పిదప, 1842లో గాని పాఠశాలగా తేలలేదు. అర్ధశతాబ్దము! ఆ నడుమ ఎందఱు బాలురు చదువులేక పెరిగి ముసలివారైరో గదా! పచ్చయప్ప హృదయమున లోపమేమియు లేదు. లేనిదల్లా లెక్కయడుగు హక్కుగలవారు. న్యాయస్థానములలో ధర్మసంస్థల కాగితములు త్రిప్పినవారికి ఇది క్రొత్త కథ కాదు.

మఱికొందఱు, ‘అమెరికావారు ఈ శాస్త్రమును ముందే రూపొందించిరి, దానిని తెచ్చికొన్న చాలదా?’ అనుచున్నారు. ఇండియానా విశ్వవిద్యాలయమున 1987లో దానవిద్యా కేంద్రము నెలకొన్నది. 2012లో అది ప్రత్యేక విద్యాశాఖగా ఎదిగినది. వారి శ్రమ గౌరవింపదగినదే. కాని ఆ చెట్టు ఏ నేల పంట? అచ్చటి సంపన్న కుటుంబములు తమ ఫౌండేషన్లను పన్ను తప్పించుకొను మార్గములుగా వాడుకొనుచున్నారను అభియోగము పుట్టగా, అమెరికా కాంగ్రెసు విచారణ జరిపి 1969 నాటి పన్ను సంస్కరణ చట్టమున వానికి కళ్లెము వేసెను. వారి పాఠములు వారి వివాదములనుండి పుట్టినవి. అచ్చటి విద్యార్థి ఆ చట్టమును చదువుట న్యాయము. మన విద్యార్థి దానిని వల్లెవేసి, మన దేవాలయ సత్రముల యాస్తులను పాలించు 1987 నాటి ధర్మాదాయ దేవాదాయ చట్టమును పేరైన నెఱుగకుండిన, ఆ చదువు పరాయివారి యింటి పద్దుపుస్తకమును మనము మోయుట కాదా?

మన యింట చదువవలసినది కొదువా? 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము, 1882 నాటి ట్రస్టు చట్టము, ఆంధ్రప్రదేశమున 2001లో చేయబడిన సొసైటీల చట్టము, విదేశధనమును గూర్చిన 2010 నాటి చట్టము, దానికి 2020లో వచ్చిన కఠినమైన సవరణ, ఇవన్నియు చిన్న గ్రంథాలయ సంఘము మొదలు పెద్ద ఆసుపత్రి వఱకు తాకునవి. ‘ధర్మకార్యము’ అను మాటకు అర్థమేమి? ఇంగ్లండులో 1601 నాటి శాసనమునుండి 1891లో ప్రభువుల సభ తీర్పు వఱకు పెరిగిన అర్థము మన పన్ను చట్టములలోనికి దిగినది. లాహోరు ‘ట్రిబ్యూన్’ పత్రిక నడపుట ప్రజోపయోగకార్యమేయని 1939లో ప్రీవీ కౌన్సిలు ఒప్పుకొన్నది. వాణిజ్యాభివృద్ధియు అట్టిదేయని మన సుప్రీముకోర్టు ఆంధ్ర ఛాంబరు ఆఫ్ కామర్సు వ్యాజ్యమున తీర్పుచెప్పినది. గంజికేంద్రమునకును వర్తకుల సంఘమునకును పన్ను మినహాయింపు ఒక్క తలుపునుండియే రావచ్చునా? ఇట్టి ప్రశ్నపై ఇరువది మంది యువకులు ఒక పూట వాదించిన, పది పుస్తకములు చదివినంత వివేకము కలుగును.

లెక్క యనగా జమాఖర్చు మాత్రమే యని యెవరైన భ్రమింతురేమో. లెక్క యెవరి యెదుట చెప్పబడుచున్నదో అది ముఖ్యము. 1876–78 నాటి మహాక్షామమున కడప, కర్నూలు, బళ్లారి మండలములు మలమల మాడుచుండగా, సర్ రిచర్డు టెంపులు దొర సహాయపు పనులలో కూలికి రోజునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, కొద్ది పైకమును చాలునని నిర్ణయించెను. సర్కారు ఖజానాకు ఆ లెక్క ముచ్చటగా సరిపోయినది. ఎముకలగూడుగా మారిన మనుష్యులకు సరిపోలేదు. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు అది ప్రాణము నిలుపజాలదని గట్టిగా వాదింపగా, ఆ కొలతను తరువాత పెంచవలసివచ్చెను. టెంపులు లెక్కయు, కార్నిషు ప్రతివాదమును ప్రక్కప్రక్కన పెట్టి చదివించుడు. దాత యెదుట ఒప్పిన లెక్క దీనుని యెదుట తప్పగునని విద్యార్థికి అంతకంటె స్పష్టముగా బోధించునది లేదు.

అది పరప్రభుత్వపు కాలమందురా? నిన్న మొన్నటి సంగతి చూడుడు. స్వయంకృషి సంఘమను పేర 1997లో మన ప్రాంతమున ఒక స్వచ్ఛందసంస్థగా మొలచిన ఎస్. కె. ఎస్. చిన్నఅప్పుల వ్యవహారము కంపెనీగా మారి, 2010 ఆగస్టులో తన వాటాలను బజారున విక్రయించినది. అదే యేడు అక్టోబరులో, వసూళ్ల నిర్బంధములను గూర్చియు, అప్పులవారి ఆత్మహత్యలను గూర్చియు మొఱలు మిన్నుముట్టగా, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థలన్నిటిని కట్టడిచేయు ఆర్డినెన్సును తెచ్చినది. పేదరాలి మేలుకై పుట్టిన పని వాటాదారుని మేలుకు ఏ మెట్టున మరలెను? వారవారము కిస్తు కట్టిన స్త్రీని ఆ మార్పునకు ముందు ఎవరైన సంప్రదించిరా? వాణిజ్యపాఠమున ఇది విజయగాథగా ఆరంభమగును. దానవిద్యలో ఆ స్త్రీ ప్రశ్నతో ఆరంభము కావలయును.

స్వదేశీయమైన పాఠ్యక్రమ మనగా పూర్వుల స్తోత్రమని మా భావము కాదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) జీవితమంతయు వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశపు బడిభోజన పథకమునకు ఆమె పేరు పెట్టబడినది. ఆ పేరు తగినదే. కాని 2013 నాటి ఆహారభద్రతా చట్టము ప్రకారము సర్కారు బడిలో బిడ్డ తిను అన్నము వాని హక్కు. ఎవరి దయయు కాదు. దయ హక్కుగా మారిన ఈ నూఱేండ్ల చరిత్రను మన బాలురకు చెప్పవలదా? కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ధారపోసిన త్యాగమును చెప్పుడు. వారు శ్రమించిన కాలముననే సత్రములలో సాగిన పంక్తిభేదమును, ఊరివెలుపలి జనులకు మూతపడిన తలుపులను గూడ చెప్పుడు. ఎవరికి పెట్టితిమో చెప్పి, ఎవరిని గెంటితిమో చెప్పని చరిత్ర సగము లెక్క.

ఇక స్వరాజ్యోద్యమము మనకు నేర్పిన పాఠ మొకటి కలదు. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో కూడిన అఖిలభారత కాంగ్రెసు సంఘము తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు ప్రోగుచేయ తీర్మానించెను. కోటీశ్వరుని చెక్కుతోపాటు కూలివాని అణాయు అందు చేరినది. అణా యిచ్చినవాడు లెక్క యడుగును, అడుగవలయును. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో నేటాలు ఇండియన్ కాంగ్రెసు నడపిన నాటినుండియు ప్రజాధనమునకు ప్రతి పైసకును రసీదు వ్రాయించెను. శాశ్వతనిధులపై బ్రతుకు ప్రజాసంస్థ ప్రజాభిప్రాయమును లక్ష్యపెట్టదనియు, ఏటేట చందాలపై బ్రతుకుటయే దానికి క్షేమమనియు ఆయన తన ఆత్మకథలో తేల్చెను. నేటి మహానిధుల కాలమున ఇది చేదుమాటయే. చేదైనందుననే దానిని పాఠ్యభాగము చేయవలెను. విద్యార్థి ఒప్పుకొనినను సరే, ఖండించినను సరే.

లెక్కను పుచ్చుకొనువాని యెదుట చెప్పుట కలలోని మాట యందురా? మన తెలుగు గ్రామములలో జరిగిన పనియే యిది. 2005 నాటి ఉపాధిహామీ చట్టము తన 17వ విభాగమున గ్రామసభచే సామాజిక తనిఖీని విధించెను. ఆంధ్రప్రదేశమున 2006 నుండి అది ఆచరణకు వచ్చెను. 2009లో దానికై ప్రత్యేకసంస్థయే యేర్పడెను. ఊరి యువకులు మస్టర్లు చేతబట్టి, ఇంటింట విచారించి, సభలో పేరు పేరున చదివిరి. పని చేయనివాని పేర పడిన కూలి నలుగురిలో బయటపడెను. పట్టము లేని గ్రామ యువకులకు సాధ్యమైనది పట్టభద్రులకు అసాధ్యమా? కంపెనీల చట్టమో, ధర్మవ్యయపు నివేదికను డైరెక్టర్లకును వాటాదార్లకును అందింపుమన్నది గాని, మేలు పొందిన యూరివారి యెదుట చదివి వినిపింపుమనలేదు. ఈ లోపమును పూరించు మనుష్యులను తయారుచేయుటయే మన కళాశాలల పని.

కావున మా సూచన యిది. మొదటియేట దానచరిత్రయు, క్షామచరిత్రయు, ధర్మసంస్థల చట్టములును నేర్పవలెను. రెండవయేట జమాఖర్చులు, ఆడిటు, సభానిర్వహణము నేర్పి, ప్రతి విద్యార్థిచేతను ఒక నిజమైన సంఘపు వార్షిక లెక్కలను పంక్తి పంక్తియు చదివింపవలెను. మూడవయేట ఆఱు మాసములు ఒకే గ్రామమున గాని వాడలో గాని ఉంచి, ఏ యే ధర్మము పేర ఎంత వచ్చినదో, ఎవరికి చేరినదో విచారింపజేయవలెను. నాలుగవయేట ఆతని నివేదికను ఆ జనుల యెదుటనే తెలుగున చదివింపవలెను. వారి ప్రశ్నలకు ఆతడిచ్చు సమాధానములకు మార్కులలో మూడవవంతు కేటాయింపవలెను. విరాళముల సేకరణయు నేర్పుడు, మేము వలదనము. కాని లెక్కచెప్పుట నేర్చిన పిదపనే అడుగుట నేర్పుడు.

తెలుగున చదువుట యనుటలో భాషాభిమానము మాత్రమే లేదు. ఇంగ్లీషు నివేదిక దాతకు తెలియును, లబ్ధిదారునికి తెలియదు. తెలియని భాషలో చెప్పిన లెక్క చెప్పనట్లే.

‘ఇట్టి చదువునకు ఉద్యోగము లెవరిత్తురు?’ అని తల్లిదండ్రులడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కొలువిచ్చు సంస్థలు చందాలు తేగలవానికొఱకు వెదకుచున్నవి, సందేహము లేదు. కాని లెక్క తప్పిన సంస్థకు రిజిస్ట్రేషను పోవును, పన్ను మినహాయింపు పోవును, పరువును పోవును. చట్టమెఱిగి, లెక్కయెఱిగి, గ్రామసభలో నిలిచి మాటాడగల యువకుడు ఏ సంస్థకైనను భారము కాడు. తమ లెక్క చదువగలవానిని చూచి భయపడు సంస్థ యొకటి యున్నచో, అచ్చట మన బిడ్డలకు కొలువు దొరకకుండుటయే మేలు.

విశ్వవిద్యాలయముల పాఠ్యసంఘములలో నున్న పెద్దలకు మా మనవి యొక్కటి. మీరు తయారుచేయు ప్రణాళికను అచ్చువేయక ముందు ఒక మాదిగవాడలో, ఒక మత్స్యకారుల పల్లెలో, ఒక గిరిజనగూడెములో చదివి వినిపింపుడు. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులకును మనవి: మీ పట్టణపు కళాశాలలో ఈ విషయము ప్రవేశపెట్టునాడు పాఠ్యక్రమపు ప్రతిని తెప్పించి చూడుడు. దాతపేరు ఎన్నిమార్లు వచ్చినదో, పుచ్చుకొనువాని పేరు ఎన్నిమార్లు వచ్చినదో లెక్కింపుడు. ఆ లెక్క సరిపడనిచో ఊరకుండకుడు. జాబులు వ్రాయుడు, సభలు చేయుడు. దానవిద్యకు ప్రథమపరీక్ష అదియే.