రైలుబండి చెప్పిన మాట బడి చెప్పరాదా?



2007 డిసెంబరు 1న ఢిల్లీ సఫ్దర్‌జంగ్ స్టేషను నుండి ఒక ప్రత్యేక రైలు బయలుదేరినది. దాని పేరు రెడ్ రిబ్బన్ ఎక్స్‌ప్రెస్. ఎయిడ్స్ వ్యాధి ఎట్లు సోకునో, ఎట్లు సోకదో ప్రజలకు తెలియజెప్పుట దాని పని. ఒక సంవత్సరములో అది 180 స్టేషన్లలో ఆగినది. దానిని నడిపినది మన డ్రైవర్లు, మన గార్డులు. దారి ఇచ్చినది మన స్టేషను మాస్టర్లు, మన పాయింట్స్‌మెన్.

అదే 2007లో గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక మొదలగు రాష్ట్రాల ప్రభుత్వాలు కౌమార విద్యా కార్యక్రమమును బడులనుండి వెళ్లగొట్టినవి. 2005లో కేంద్ర విద్యాశాఖయు, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయు కలసి తెచ్చిన కార్యక్రమమది. బొమ్మలు అసభ్యములని, సంస్కృతి చెడునని ఘోషించినవారిలో ఒక్క రంగు జెండావారే లేరు. ప్లాట్‌ఫారముపై సభ్యమైన సంగతి తరగతి గదిలో అసభ్యమెట్లయినదో వారెవరును నేటివరకు వివరించలేదు.

అంతటితో ఆగలేదు. శ్రీ ముప్పవరపు వెంకయ్య నాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో నివేదిక సమర్పించినది. బడులలో లైంగిక విద్య వలదన్నది. హెచ్.ఐ.వి. పాఠమును పదునొకటి, పన్నెండు తరగతుల జీవశాస్త్ర పుస్తకములోనికి నెట్టుమన్నది.

ఈ సిఫారసును సూరత్‌లో నిలబడి చదువవలెను. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో డ్యూటీ చేసిన టికెట్ కలెక్టర్లకు, ఒకప్పుడు కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెలలో సూరత్ మనియార్డర్లు పంచిన పోస్టుమెన్‌కు ఆ ఊరు పరిచితమే. లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో వేలాది తెలుగు నేత కుటుంబాలు పవర్‌లూములపై బ్రతుకుచున్నవి. పన్నెండు గంటల షిఫ్టు వారికి వింత కాదు. అచటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమములో కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. ఇది మెచ్చవలసిన విషయము. అయితే గుజరాత్‌లో ప్రాథమిక విద్య ఎనిమిదవ తరగతితో ముగియును. ఆ పిల్లలలో ఎందరు పన్నెండవ తరగతి దాక పోదురు? పోయినవారిలో ఎందరు జీవశాస్త్రము తీసికొందురు? పాఠము అచట పెట్టుటయనగా డాక్టరు కాబోవు పిల్లవానికి చెప్పి, మగ్గము ముందు నిలువబోవు పిల్లవానికి దాచుటయే. వలస కార్మికులను రోగము మోయువారిగా సర్కారు లెక్కలలో వ్రాయువారు, వారి బిడ్డలకు రోగము సంగతి చెప్పుటకు మాత్రము సిగ్గుపడుదురు!

తెలియనితనము ఏమి చేయునో సూరత్ ఒకసారి చూచినది. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పుట్టగానే లక్షలాది జనము ఊరు విడిచి పరుగెత్తిరి. ప్రైవేటు వైద్యులలో పలువురు ఆసుపత్రులకు తాళాలు వేసి పోయిరి. కిక్కిరిసిన ఆ రైళ్లను నడిపినవారు మనవారే. టెట్రాసైక్లిన్ వంటి సామాన్య ఔషధమునకు లొంగు వ్యాధికి అంత భీతి! 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు హయాములో ఆ ఊరి చెత్త తొలగినది, దేశమే మెచ్చినది. కంటికి కనబడు చెత్త గనుక తీయగలిగిరి. నోట పలుకరాదన్న సంగతులను ఎవరు తీయుదురు?

చెప్పిన యెడల పిల్లలు చెడుదురట. 2018లో యునెస్కో సవరించి ప్రకటించిన మార్గదర్శకాలలో, ఇట్టి విద్యవలన పిల్లలు తొందరపడి లైంగిక జీవితములోనికి దిగుట జరుగదని అధ్యయనాలు తేల్చినట్లున్నది. ఇది పాశ్చాత్యుల భావమన్న అపోహను 2024 సెప్టెంబరులో మన సుప్రీంకోర్టే తప్పుపట్టినది. అసలు నేడు పిల్లవాని చేతిలో ఫోనున్నది. వాడు నేర్చుకొనునా లేదా అన్నది ప్రశ్న కాదు, ఎవరివద్ద నేర్చుకొనుననునదే ప్రశ్న.

2021 అంచనాలలో వయోజనులలో హెచ్.ఐ.వి. దేశము మొత్తము మీద 0.21 శాతముండగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. ఈ అంకెలు చదివి కూడ సంస్కృతి పేరిట నోరు మూయుమనువారిని ఏమందుము?

2020లో కేంద్రము పాఠశాల ఆరోగ్య కార్యక్రమము ప్రారంభించి పదకొండు అంశములలో హెచ్.ఐ.వి. నివారణను చేర్చినది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులు బాధ్యులన్నది. కాగితము బాగున్నది. కాని ఆ పుట రాగానే గొంతు సవరించుకొని, ఇంటివద్ద చదువుకొనుడని పుట తిప్పు మాస్టారును ఎరుగనివారు మనలో ఎవరు?

మన ఇంటి సంగతియు చెప్పుకొందము. తోటివానికి ఈ జబ్బున్నదని గుసగుసలు రాగానే రన్నింగ్ రూములో అతని కంచము వేరు పెట్టినవారు, ఆర్.ఎం.ఎస్. విశ్రాంతి గదిలో అతని ప్రక్కన పడుకొననివారు మనలో లేరా? కలసి తినుటవలన, దోమకాటువలన ఇది సోకదు. రక్షణ లేని లైంగిక సంపర్కము, కలుషిత రక్తము, ఒకరి సూది మరొకరు వాడుట, తల్లినుండి బిడ్డకు - ఇవియే దారులు. మందులు 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుండి అమలుచేసిన చట్టము ఉద్యోగములో, బడిలో వివక్షను నిషేధించినది. ఆ కంచము వేరు పెట్టిన చేతికి ఇవేవియు ఏ బడియు నేర్పలేదు.

కావున శాఖా కార్యదర్శులు రాబోవు సమావేశములలో మూడు తీర్మానాలు ప్రవేశపెట్టవలసినదిగా మనవి: ఆరవ తరగతినుండే వయసుకు తగినట్లు ఈ పాఠము చెప్పవలెను; సూరత్ వంటి వలస నగరాలలో పిల్లల మాతృభాషలోనే చెప్పవలెను; రైల్వే పాఠశాలలతో దీనిని ప్రారంభించవలెను. ఉచిత సలహా ఫోను నెంబరు 1097ను ప్రతి యూనియన్ కార్యాలయపు నోటీసు బోర్డుపై ఈ నెలలోనే వ్రాయవలెను.