ఘోటుల్‌కు ముందు చదివిన పుస్తకం

బస్తర్ గిరిజనుల గురించి రాసే వారిలో వెరియర్ ఎల్విన్‌ను తిరగేయని వారు అరుదు. ఘోటుల్‌పై 1947లో వచ్చిన ఆయన గ్రంథం అంత ప్రసిద్ధం. అంతకుముందు ఆయన ఏం చదివారన్నది మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు.

బిషప్ కొడుకైన ఎల్విన్ ఆక్స్‌ఫర్డ్‌లో దైవశాస్త్రం చదివి 1927లో పుణెలోని క్రిస్త సేవా సంఘానికి వచ్చారు. 1930లో 'క్రిస్టియన్ ధ్యాన' రాశారు. 14వ శతాబ్దంలో పేరు చెప్పుకోని ఓ ఆంగ్లేయుడు రాసిన 'ద క్లౌడ్ ఆఫ్ అన్‌నోయింగ్' దానికి ఆధారం. దేవుడు తెలివికి చిక్కడు, ప్రేమకే దొరుకుతాడన్నది ఆ పాత పుస్తకం సారాంశం. దానికి ధ్యానమన్న మన మాట తగిలించడం అప్పట్లో సాహసమే.

చిత్రమేమిటంటే, అంత ఇష్టంగా చదివిన మనిషి చర్చిలో నిలవలేదు. 1932లో గోండుల మధ్యకు వెళ్లారు. మత ప్రచారం తన పని కాదన్నారు. బిషప్‌తో పొసగలేదు. 1935లో చర్చిని వదిలేశారు. బస్తర్‌లో వంద హత్య కేసులను పరిశీలించి 1943లో 'మారియా మర్డర్ అండ్ సూసైడ్' వెలువరించారు. చంపినవాడి మనసులో ఏముందో తెలుసుకోవాలన్న తపనే అందులో ఎక్కువ, తీర్పు తక్కువ.

మరి ఆ చదువు విఫలమైనట్టా? భక్తి గ్రంథాలు విశ్వాసాన్ని గట్టిపరచాలనుకునే వారికి అలాగే కనిపిస్తుంది. హంతకుల కేసుల ముందు అంత ఓపికగా కూర్చోవడం మాత్రం ఆ చదువు నేర్పినదే కావచ్చు.

అలాగని ఆయన్ను సాధువును చేయనక్కర్లేదు. 1940లో పెళ్లాడిన గోండు యువతి కోసికి 1949లో విడాకులిచ్చారు. ఆత్మకథలో ఆమెకు దక్కింది కొద్ది వాక్యాలే.