వినికిడికి వెల

ఉద్దానపు పల్లెలనుండియు, టెక్కలి, నిమ్మాడ ప్రాంతములనుండియు యువకులు నూరు కిలోమీటరులకు మించి ప్రయాణము చేసి విశాఖపట్టణము చేరి, గొప్ప ధ్వనియంత్రములు గల సినిమాశాలలలో హెచ్చు వెల చెల్లించి కూర్చుండి వచ్చుచున్నారు. ప్రయాణము, భోజనము, టిక్కెట్టు కలిసి ఒకనాటి కూలిని మ్రింగివేయును. పెద్దలు దీనిని దుబారా యనుచున్నారు. శాలల యజమానులు నాగరకత యనుచున్నారు. మాకు ఈ రెండు మాటలును సమ్మతములు కావు.

ముందు పెద్దల మాట విచారింతము. లక్షల విలువగల యంత్రమును ధనికుడొకడు తన మేడలో నిలుపుకొని యొంటరిగా వినినచో అది అభిరుచి యట. అంతకు మేలైన యంత్రమును వందలాదిమంది తలకింత చెల్లించి కూడి వినినచో అది దుబారా యట! ఇది యే న్యాయము? మన తాతలు ఇంటికొక వాద్యమును కొనలేదు. ఊరంతయు చందా వేసికొని రచ్చకడ జముకుల కథ చెప్పించుకొనిరి. సినిమా టిక్కెట్టు ఆ చందాకు తమ్ముడే. కష్టజీవి చెవికి మాత్రము మంచి ధ్వని తగదనుట అహంకారమే గాని మితవ్యయము కాదు.

ఆ యంత్రములలో నిజమైన విశేషము లేకపోలేదు. పూర్వపు పద్ధతిలో గోడవెంబడి నుండు స్పీకర్లు వరుసవరుసగా ఒకే ధ్వనిని పలికెడివి. 2012లో బయలుదేరిన డాల్బీ ఆట్మాస్ పద్ధతియందు 128 ధ్వనిరేఖలవరకు విడివిడిగా నుంచి, తలపైనున్నవానితో గూడ 64 మార్గములవరకు వేరువేరుగా స్పీకర్లకు పంపవచ్చును. తెరపై వాన కురిసినచో అది మన నెత్తిపైనుండియే వినవచ్చును. 2019లో నాటి నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేటయందు సుమారు నూరడుగుల వెడల్పు తెరతో, ఈ ధ్వనితో ఒక శాల వెలసినది. ఈ భోగము మహానగరముల సొత్తు కాదనుటకు అదియే సాక్ష్యము.

ఇక వర్తకుల మాట. పలాసలో జీడిపప్పు కొనువాడు సులభముగా మోసపోడు. 180 రకమనగా పౌనుకు సుమారు 180 పప్పులు. 320 రకమనగా సుమారు 320. అనుమానము కలిగినచో త్రాసు కలదు, లెక్కించుటకు వ్రేళ్లు కలవు. ధ్వని నమ్ముచోట త్రాసు ఏది? బోర్డుమీద పేరుండును. లోపల ఎన్ని స్పీకర్లు పలుకుచున్నవో, ఎన్ని మూగవోయినవో చెప్పు నాథుడుండడు. పైగా కొంచెము బిగ్గరగా వినిపించినదానినే మేలైనదిగా తలచుట మనుష్యుని చెవికి సహజమైన దౌర్బల్యము. ఆ దౌర్బల్యమే కొందరి మూలధనము.

పేరునకు, వినికిడికి ఎంత దూరమో 2007లో అమెరికాలోని ఆడియో ఇంజనీరింగు సొసైటీ పత్రిక ప్రకటించిన యొక పరీక్ష తేటపరచినది. అధికనాణ్యముగల ధ్వనిని నేరుగా నొకమారు, సాధారణమైన సీడీ ప్రమాణమునకు దించి యొకమారు వినిపించి, భేదము చెప్పుమనిరి. 554 పర్యాయములలో సరియైన సమాధానములు 276. నాణెము నెగురవేసి చెప్పినను ఇంతే వచ్చును. శాల నిర్మాణము, స్పీకర్ల నాణ్యము, వాని అమరిక, మనము కూర్చుండు చోటు—ఇవి నిజముగా భేదము కల్పించును. కాగితముపై అంకెల పెంపు కల్పింపదు. ఒక హద్దు దాటినపిమ్మట చెల్లించు వెల చెవికి కాదు, పేరుకు.

మరి పరీక్షించుటకు గీటురాయి యేది? అది మన యూరిలోనే కలదు. జముకు తంతి పలికించు నాదమును, రొమ్ముపై తప్పెటగుళ్లు మ్రోగునప్పటి అదురును, అర్ధరాత్రివేళ ఉద్దానపు తీరమున సముద్రఘోషను ఎరిగిన చెవియే యంత్రము పలుకు నిజమో, అబద్ధమో చెప్పగలదు. ఆ కళాకారునకు సంభావన యిచ్చుటకు వెనుదీయుచు, అతని ధ్వనియొక్క నీడకు మాత్రము వందలు చెల్లించువాడు నీడను గూడ గుర్తింపలేడు.

చట్టము మన పక్షముననే యున్నది. 2022 మార్చిలో రాష్ట్రప్రభుత్వ మిచ్చిన ఉత్తరువు స్థానికసంస్థ తరగతిని, శాలలోని సౌకర్యములను బట్టి టిక్కెట్టు వెలలను వేరుపరచినది. అనగా హెచ్చు వెలకు ఆధారము సౌకర్యము. అది లేనిచో హెచ్చు వెల నిలువదు. 2019 వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము సేవయందలి లోపమునకు జిల్లా కమిషను నెదుట రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలసిన నిర్బంధమును లేదు. ఈ మాట చెప్పుచున్నవాడు వకీలే గనుక నమ్మవచ్చును!

కావున యువకులారా, పొండు, వినుడు. కాని కన్నులు మూసికొని వినుడు. బోర్డును మరచి వినుడు. తక్కువ వెల శాలలో అదే చిత్రమును మరియొకమారు విని పోల్చుడు. భేదము తోచినచో ధనము సార్థకము. తోచనిచో మరల పోకుడు. ఒకమారు చెల్లించి వినుట విద్య. పరీక్షింపక మాటిమాటికి చెల్లించుట కప్పము.

శాలల యజమానులకు ఒక్కటే మాట. బోర్డుపై యంత్రము పేరును పెద్దయక్షరములతో వ్రాయువారు, దాని క్రింద పలుకుచున్న స్పీకర్ల సంఖ్యను, వానిని కడపట సరిచూచిన తేదీని గూడ వ్రాయుదురు గాక. జీడిపప్పు డబ్బాపై రకమును వ్రాయుటకు సిగ్గుపడని దేశమున ఇది పెద్ద కోరిక కాదు.